జీపీఎస్ చూపిన దారి

రిటైరయ్యాక రెడ్‌మండ్‌లో మా గరాజ్‌లోనే రెండు సీట్ల చిన్న విమానం తయారుచేసుకున్నాను. చేతిలో పట్టుకునే జీపీఎస్‌ని, విమానాన్ని దానంతటదే నడిపే ఆటోపైలట్‌కి వైర్లతో కలిపి, కదలకుండానే ఎగురుతున్నట్టు చూపే సిమ్యులేషన్‌లో అక్కడే పెట్టి పరీక్షించాను. మర్నాడు మా ఆవిడతో ఎగిరి, ఆటోపైలట్ ఆన్ చేశాను. విమానం ఎడమకి తిరిగింది.

"ఏమండీ, మనం వెళ్లాల్సిన సరస్సు కుడివైపు కదా?" అంది.

"జీపీఎస్ కంటే నీకు బాగా తెలుసా?" అన్నాను.

"ఎదురుగా కొండ ఉందని మాత్రం తెలుస్తోంది."

నిజంగానే కొండ. వెంటనే ఆటోపైలట్ ఆపేసి, విమానాన్ని పక్కకి తిప్పాను. తీరా చూస్తే జీపీఎస్ ఇంకా సిమ్యులేషన్‌లోనే ఉంది. నిన్నటి ఉత్తుత్తి ప్రయాణాన్నే కొనసాగిస్తోంది.

ఇంటికొచ్చి, జరిగిన పొరపాటు డైరీలో వివరంగా రాసి ఆమెకి చూపించాను.

"నా మాట వినలేదన్నది రాయలేదే?" అంది.

అదీ రాశాను. ఇన్నేళ్ల డైరీల్లో నేను మళ్లీ మళ్లీ చదువుకునేది ఆ పేజీనే.