దూలయ్య గెనుసుగడ్డ, ఆరిఫా డేలియా

దూలయ్యకు ఏ పువ్వు చూపించినా వాసన చూడడు, రంగు చూడడు. వంగి మొక్క మొదలు చూసి ఒకటే ప్రశ్న వేస్తాడు: "కింద గడ్డ ఉన్నదా?"

ఉంటే ఆ మొక్కకు మర్యాద. లేకపోతే అది గులాబీ అయినా, మందారమైనా ఆయన దృష్టిలో ఉత్త ఆకు.

మణుగూరు బొగ్గుబావిలో ముప్పయ్యారేళ్లు భూమి లోపల పనిచేసి రిటైరైన మనిషి. "పనికొచ్చేదంతా దేవుడు కింద దాచిండు. పైన పెట్టిందంతా షోకు" అన్నది ఆయన సిద్ధాంతం. చేతిలో మూరెడు గడ్డపార లేకుండా ఆయన్ను చూసినవాళ్లు కాలనీలో లేరు. ఎవరి పెరట్లోనైనా మట్టి తవ్వి కనిపిస్తే, "పందికొక్కా, దూలయ్యా?" అని మాత్రమే ఆరా తీస్తారు.

కాలనీలోని బలరాం కూతురి రిసెప్షన్‌కు అందరూ బొకేలు తెచ్చారు. దూలయ్య అయిదు కిలోల కంద తెచ్చాడు, ఎర్ర రిబ్బను కట్టి మరీ. పెళ్లికొడుకు దాన్ని రెండు చేతులతో పట్టుకోలేక మోకాలి మీద ఆనించుకున్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ బలరాం ఇంటి గోడ మీద ఉంది. పర్ణశాల యాత్రలో అయితే, గుడి దగ్గర తోటలో మెట్టతామర మొదట్లో గీకుతూ వాచ్‌మన్‌కు దొరికాడు.

"ఏం చేస్తున్నవ్ పెద్దాయనా?"

"ఏం లేదు, లోపల ఎట్లున్నదో మంచి చెడ్డ అడుగుతున్న."

అలాంటి మనిషి పక్క వాటాలోకి ఆరిఫా కిరాయికి దిగింది. బట్టలు కుడుతుంది. భర్త అద్నాన్‌కు బస్టాండు దగ్గర ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణం. సామానుతో పాటు ఆమె ఒక డేలియా గడ్డను దుపట్టాలో చుట్టి తెచ్చుకుంది. ఖమ్మంలో వాళ్ల నాయనమ్మ పెరట్లోది. దాదీ పోయాక ఆ పెరడంతా సిమెంటు పోశారు. మిగిలింది ఆ ఒక్క గడ్డే.

కుండీలో నాటితే జనవరిలో అది పూసింది. పళ్లెమంత పువ్వు, ముదురు మెరూన్ రంగు, రేకుల చివర తెల్లటి అంచు. ఆరిఫా సంబరంగా గోడ మీద నుంచి కేకేసింది.

"తాతా, జల్దీ రా! ఇసొంటి పువ్వు ఎక్కడన్నా చూసినవా?"

దూలయ్య వచ్చాడు. చూశాడు. లోపలికి వెళ్లి ఒక గెనుసుగడ్డ తెచ్చి పువ్వు పక్కన గోడ మీద పెట్టాడు.

"ఇగ చెప్పు. రంగు? రెండూ ఒకటే. వాసన? నీ దానికి లేదు. మాదాన్ని ఉడకబెడితే మూడిండ్లకు తెలుస్తది. నీ పువ్వు వారం దినాలకు రాలుతది. మాది నెల దినాలు మూలకు పడేసినా మూతి ముడవదు."

"గెనుసుగడ్డ జడల పెట్టుకుంటరా తాతా?"

దూలయ్య కాసేపు నిజంగానే ఆలోచించాడు. "పెట్టుకుంటే తప్పేంది? బరువుకు మెడ నిటారుగ నిలబడతది."

అరుగు మీద చాట పట్టుకున్న ఆయన భార్య ముత్తక్క తలెత్తింది. "పెండ్లయిన కొత్తల మల్లెపూలు తెమ్మన్న బిడ్డా. చామగడ్డలు తెచ్చిండు. దురద తగ్గనీకి వారం పట్టింది."

అప్పటినుంచి అది రోజువారీ పంచాయితీ. ఆరిఫా కొత్త మొగ్గ చూపించేది, దూలయ్య కొత్త గడ్డ చూపించేవాడు. అద్నాన్‌కు మాత్రం లాభమే. ఓడిన గెనుసుగడ్డలన్నీ సాయంత్రానికి ఉడికి అతని పళ్లెంలోకే వచ్చేవి.

ఏప్రిల్‌లో అక్క కాన్పుకని ఆరిఫా ఖమ్మం వెళ్లింది. అప్పటికే డేలియా కాడలు ఎండిపోయాయి. వానలొస్తే మళ్లీ అదే చిగురిస్తుందనుకుంది. దాదీ ఉన్నప్పుడు ఏటేటా వచ్చేది కదా!

జూన్ చివర తిరిగొచ్చి చూస్తే కుండీలో గుంట ఉంది. పక్కన గడ్డపార గాటు ఉంది. ఆరిఫా చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పరుగెత్తింది.

"తాతా! మా దాదీ గడ్డ ఏడున్నది?"

దూలయ్య నేల చూశాడు, గోడ చూశాడు, ముత్తక్కను చూశాడు.

"నిజం చెప్పు. తిన్నవా?"

"చిన్న ముక్క తిన్న" అన్నాడు మెల్లగా. "రుచి లేదు బిడ్డా. గెనుసుగడ్డ ముందర పనికిరాదు."

దూలయ్య ఇంకేదో చెప్పబోయి, మింగేసి, తువ్వాలు దులుపుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. ఆ రోజుతో మాటలు బంద్. ఆరిఫా గోడవైపు రావడం మానేసింది. దూలయ్య రెండుసార్లు ఉడికిన గెనుసుగడ్డలు పంపించాడు, రెండుసార్లూ గిన్నె తిరిగొచ్చింది. అద్నాన్ మొహం చిన్నబోయింది.

దసరా వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం ముత్తక్క వచ్చింది. కుట్టుమిషను మీద నుంచి ఆరిఫా చెయ్యి పట్టి లేపింది.

"నడువ్. ఇగ నావల్ల కాదు. ఆయన చెప్పడు, నన్ను చెప్పనియ్యడు."

దూలయ్య ఇంటి వెనక గదిలో, మంచం కింద, గోడ పొడుగునా మట్టికుండలు. ఒకటీ రెండూ కాదు, పదిహేడు. వాటి నిండా పొడి ఇసుక. ప్రతి కుండ మీదా సుద్దముక్కతో వంకర అక్షరాలు: సుజన టీచరు, పసుపు. బలరాం గేటుకాడ, తెలుపు. లచ్చిరాం బావికాడ, గులాబి.

"అందరివీ డేలియా గడ్డలే బిడ్డా. వానకు భూమిల ఉంటే కుళ్లుతయ్. అందుకే ఎండకాలంల తవ్వుకొచ్చి ఇసుకల దాస్తడు. మళ్ల చలికాలం ముందర ఎవలది వాళ్లకు పెట్టొస్తడు. తొమ్మిదేండ్ల సంది ఇదే పని."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తె పువ్వులు పెంచుతుండని తెలుస్తది గద! ఇజ్జత్ పోతదట."

చివరి కుండ మీద 'ఆరిఫమ్మ దాది' అని ఉంది. ఇసుకలోంచి నాలుగు మొలకలు, చిటికెన వేలంత, ఎర్రగా తలలెత్తి ఉన్నాయి. ఆరిఫా కింద కూర్చుండిపోయింది.

గుమ్మంలో దూలయ్య నిలబడి ఉన్నాడు, దొంగతనం చేస్తూ దొరికినవాడిలా.

"ఆ దినం ఎందుకు చెప్పలే తాతా?"

"ఏమని చెప్పాలె? ఈసారి వాన ముందుగాల్నే పడ్డది, తవ్వేటాళ్లకే సగం కుళ్లింది. కుళ్లంత కోసి పారేసిన. మిగిలింది మంచిదో కాదో తెల్వక కొస కొరికి చూసిన. బతుకుతదో లేదో నాకే తెల్వదు. ఉన్నదని చెప్పినంక అది చస్తే, నువ్వు మీ దాదీ కోసం రెండోసారి ఏడుస్తవ్. దానికన్న నన్ను తిట్టుకునుడే నయం గద."

ఆరిఫా ముక్కు చీదుకుని, నవ్వి, మొలకల కుండను ఒళ్లోకి తీసుకుంది. "సాయంత్రం గెనుసుగడ్డలు ఉడకబెట్టు తాతా. అద్నాన్ చిక్కిపోయిండు."

మర్నాడు పదిన్నరకు, మగవాళ్లు డ్యూటీలకు పోయిన వేళ, దూలయ్య గడ్డల సంచితో బయలుదేరాడు. ఈసారి వెంట ఆరిఫా ఉంది. దసరా సెలవులు ఇంకా అయిపోకపోవడంతో సుజన టీచరు ఇంట్లోనే ఉంది. ఆరిఫా ఆమెను గేటు దగ్గర నిలబెట్టి జాకెట్టు కొలతల గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. టీచరు వీపు వెనక, తులసికోట పక్కన, పెరటి దారిన దూరిన దూలయ్య మోకాళ్ల మీద కూర్చుని మట్టి సర్దుతున్నాడు.

"ఇంకొన్ని దినాలు ఆగు, మా డేలియా చూద్దువు" అంది టీచరు గర్వంగా. "ఏటేటా దానంతట అదే మొలుస్తది. ఏమన్నా అను, నా చెయ్యి అసొంటిది."

టీచరు భుజం మీదుగా ఆరిఫా ఒకసారి చూసింది. దూలయ్య పైకి లేవలేక నడుం పట్టుకుని, ఇంకొంచెం సేపు ఆపమని సైగ చేస్తున్నాడు.

"అవ్ మేడం, మంచి చెయ్యి" అంది ఆరిఫా. "ఇగ చేతుల కొలత చెప్పండ్రి."