బంగారమ్మ గారికి పథ్యం విడిపించిన ఏడు

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట లేచి, కోనసీమలో కాలవలు తవ్వుతున్న రోజులవి. మా ఊరు కొత్తపేటకి దగ్గర. మా నాన్నగారు వైద్యులు. నాకు పట్టుబడుతుందని తోచి, నాడి చూడడం, మందులు నూరడం, పథ్యం చెప్పడం అన్నీ నాకే నేర్పారు. ఆయన పోయాక చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళ వైద్యమంతా నా చేతికి వచ్చింది. ఆడది నాడి పట్టుకోవడమేమిటని ఈసడించిన ఇళ్ళ నుంచే జ్వరాలు వచ్చినప్పుడు నాకు కబురు వచ్చేది. వెళ్ళేదాన్ని. వాళ్ళు అన్న మాట నేనూ మరిచిపోలేదు, వాళ్ళనీ మరిచిపోనివ్వలేదు.

మా పనిలో అన్నిటికంటే కష్టమైనది ఏదని అడిగితే సన్నిపాత జ్వరమో, పాముకాటో చెబుతానని అనుకుంటారు. కాదు. కఠినమైన పథ్యం చేసిన మనిషిని మళ్ళీ మామూలు అన్నంలోకి తీసుకురావడం. అది నేను బంగారమ్మ గారి దగ్గర చూశాను.

బంగారమ్మ గారి ఊరు గౌతమి గట్టున, కపిలేశ్వరపురానికి ఎదురుగా ఉంటుంది. వ్యవసాయం ఇల్లు. పిల్లలు లేరు, భర్త పోయాడు. భర్త వాటాగా గోదావరి మధ్య లంకలో పొలం దక్కింది. ఇంటి వసారా ఒక పక్క ఆవిడది, రెండో పక్క మరిది పేరయ్య గారిది, వంటిల్లు మాత్రం ఒకటే. లంక నేల సంగతి తెలిసిందే. ఏటా వరద ఒక పక్క కోసుకుపోతుంది, ఇంకో పక్క మేట వేస్తుంది. అందుకని కార్తీకంలో కరణం గారు వచ్చి, వాటాదార్లతో హద్దుల వెంట నడిచి, కొత్తగా గూటాలు పాతించేవారు. నడిచినవాడి మాటే హద్దు.

బంగారమ్మ గారు బాగా లావు మనిషి. పడవ దిగి ఒండ్రులో నాలుగడుగులు వేస్తే ఊపిరి అందేది కాదు. అందుకని ఆవిడ తరఫున పేరయ్య గారే నడిచేవారు. ఆయన నడిచిన ప్రతి ఏడూ ఆవిడ వాటా కాస్త సన్నబడేది.

మాఘమాసంలో ఒకరోజు ఆవిడ ఎడ్లబండి కట్టించుకుని మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే పీట వంక చూసి, అరుగు మీద కూర్చుంది.

"నన్ను నడిపించండి, సుబ్బమ్మ గారూ. వచ్చే కార్తీకానికి నా పొలం నేను తిరగాలి. అంతకంటే ఏం అడగను."

"పథ్యం కఠినంగా ఉంటుందండి."

"మా ఇంట్లో వినే మాటల కంటేనా?"

ఆ మాటతో ఒప్పుకున్నాను. ఒంట్లో కొవ్వును గీకి తీసే పథ్యాన్ని మేం లేఖనం అంటాం. అన్నం లేదు, నెయ్యి లేదు, బెల్లం లేదు. ఉలవకట్టు, చోడి అంబలి, వెన్న తీసిన మజ్జిగ, పొద్దున్నే తేనె కలిపిన నీళ్ళు, త్రిఫల చూర్ణం. పగటి నిద్ర పనికిరాదు. దొడ్డి చుట్టూ నడవాలి. ఆవిడ తినే తిండిని బట్టి ఒళ్ళు వచ్చిందని ఊరంతా నవ్వేది కానీ, ఆవిడ తోడికోడలు, పేరయ్య గారి భార్య సత్తెమ్మ అంతకు రెట్టింపు తినేది, పుల్లలా ఉండేది. ఒళ్ళు అందరికీ ఒకేలా రాదు, ఒకేలా పోదు. ఈ మాట అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతాను. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

నేను చెప్పిందానికి రవ్వంత కూడా దాటలేదు ఆవిడ. వేసవి గడిచేసరికి ఒళ్ళు తీసింది. చూసినవాళ్ళు గుర్తుపట్టలేదు. ఆషాఢంలో వెళ్ళి నాడి చూశాను. నాడి పల్చగా, నీరసంగా కొట్టుకుంటోంది. అరచేతులు చల్లగా ఉన్నాయి. దువ్వెన నిండా జుట్టు. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయంది.

"ఇక చాలండి. లేఖనం ఆపేద్దాం. రేపటి నుంచి గంజితో మొదలుపెట్టి మెల్లగా అన్నంలోకి వద్దాం" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అంది.

అంది గానీ చెయ్యలేదు. వారం తిరిగి వెళ్ళేసరికి మనిషి ఇంకా తీసిపోయి ఉంది. కాళ్ళు కడుక్కుందామని దొడ్లోకి వెళ్తే గేదె కుడితి గోలెంలో పైన తేలుతూ కనిపించింది, నేను కాచి తాగమన్న గంజి. శొంఠి వాసన ఇంకా పోలేదు.

లోపలికి వచ్చి అడిగాను. ఆవిడ దాచలేదు. తల ఎత్తి చెప్పింది.

"నేనే పోసేనండి. అన్నం ముట్టుకుంటే మళ్ళీ అంతా వచ్చేస్తుంది. ఆ ఒళ్ళు నాకొద్దు. నేనొద్దన్నది నా నోట్లో ఎవరూ పెట్టలేరు, మీరైనా సరే."

"నేను పెట్టను. మీరు ఈ పథ్యం దేనికి మొదలుపెట్టేరు?"

"లంక తిరగడానికి."

"అయితే రండి. రేవు దాకా వెళ్ళి వద్దాం. మీరు నడిచి గట్టెక్కితే నేనిక మీ గడప తొక్కను."

పంతం మనిషి, వెంటనే బయలుదేరింది. ఇంటి నుంచి గట్టు దాకా బాగానే వచ్చింది. గట్టు దిగింది. ఇసకలో కొంత దూరం నడిచి వెనక్కి తిరిగాం. గట్టు ఎక్కేటప్పుడు సగంలో మోకాళ్ళు వదిలేశాయి. చేత్తో గడ్డి పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. నేనూ పక్కనే కూర్చున్నాను. కింద పడవలవాళ్ళు చూస్తున్నారు. 

"ఒళ్ళున్నప్పుడు ఆయాసపడేదాన్ని గానీ, కాళ్ళు ఇలా చచ్చుపడలేదండి" అంది చివరికి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గొంతులో కోపమే ఉంది. "ఏం తినమంటారో చెప్పండి."

అప్పుడు మొదలైంది అసలు వైద్యం.

చాన్నాళ్ళు ఎండగట్టిన కడుపులో అగ్ని, అంటే అరుగుదల శక్తి, సన్నటి దీపంలా ఉంటుంది. దాని మీద ఒక్కసారిగా కట్టెలు పడేస్తే ఆరిపోతుంది. అందుకని ముందు పేయ ఇస్తాం, అంటే నీళ్ళే ఎక్కువగా ఉన్న పల్చటి గంజి. అది అరిగి మళ్ళీ ఆకలేస్తేనే విలేపి, అంటే మెతుకు చిక్కగా ఉన్న జావ. ఆ తర్వాత మెత్తటి అన్నంలో పెసరకట్టు. తర్వాత చారు, పప్పు. నెయ్యి చుక్కలతో మొదలవుతుంది. కొర్రమీను పులుసు అన్నిటికంటే చివర. ఇన్నాళ్ళకి ఇది అని లెక్క పెట్టి చెప్పడానికి లేదు. రోజూ నాలుక చూడాలి, ఆకలి అడగాలి.

ఆవిడ జావలోకి వచ్చిన రోజుల్లో నేను వెళ్ళేసరికి పేరయ్య గారి వసారాలో అరిటాకులు వేసి ఉన్నాయి. బంగారమ్మ గారు పథ్యం విడిచిందని తెలిసి సత్తెమ్మ విందు చేసింది. పులిహోర, గారెలు, బూరెలు, గిన్నె నిండా నెయ్యి. ఆ పిల్లకి తోడికోడలంటే ప్రాణం, కల్మషం లేదు. బంగారమ్మ గారు ఆకు ముందు కూర్చుని ఉంది, చూపు గారెల మీదే ఉంది. ఆ ఆకలి నాకు తెలుసు.

"బంగారమ్మ గారూ, లేవండి" అన్నాను.

పేరయ్య గారు ఉయ్యాలబల్ల మీంచి దిగారు. "అదేంటండీ! మా ఇంట్లో మా వదిన గారికి అన్నం పెట్టుకోడానికి మీ సెలవు కావాలా?"

"ఈ నెలకి కావాలండి."

"ఊళ్ళో వాళ్ళని కూడా పిలిచేం. ఆకు ముందు కూర్చున్న మనిషిని లేపుతారా? ఎంత అపచారం!"

"ఇది తింటే పొద్దుటికి కడుపు ఉబ్బి, విరేచనాలు పట్టుకుంటాయి. ఇంత నీరసం మీద అది ప్రాణం మీదకి వస్తుంది. ఆ అపచారం కంటే ఈ అపచారం నయం. నా మీద వేసుకుంటాను."

"తరతరాలుగా పథ్యం విడిస్తే విందు చేసేరండి, మా ఇళ్ళలో."

"చేసేరు. ఎంతమంది మంచం పట్టేరో కూడా చెప్పమంటారా? మందిచ్చింది మేమే."

ఆయన మొహం ఎర్రబడింది. నన్ను వెళ్ళిపొమ్మంటారనే అనుకున్నాను. అన్నా వెళ్ళకూడదని కూడా అనుకున్నాను. కానీ బంగారమ్మ గారు తనే లేచింది. సత్తెమ్మ భుజం పట్టుకుని, "నీ చేతి బూరెలు తింటానే, తినకపోను. నేను తినగలిగిన రోజున మళ్ళీ వండు" అని తన వసారాలోకి నడిచింది. సత్తెమ్మ కళ్ళు తుడుచుకుని, ఆ వెనకే వెళ్ళి జావ వెచ్చబెట్టింది. ఆ రోజు నుంచి నాకు ఆ ఇంట్లో చేదోడు ఆ పిల్లే అయింది.

శ్రావణంలో అన్నంలోకి వచ్చాక ఇంకో చిక్కు. పాదాలు పొంగాయి. నొక్కితే గుంట పడుతోంది. మొహం నిండుగా అయింది. బంగారమ్మ గారు నా మీద విరుచుకుపడింది.

"చెప్పేనా? వచ్చేస్తోంది! మీ మాట విని మోసపోయేను."

"ఇది కొవ్వు కాదండి, నీరు. ఎండిన నేల మొదట నీళ్ళే తాగుతుంది. ఉప్పు తగ్గించండి, తిండి తగ్గించకండి."

నమ్మలేదు, కానీ తిండి మానలేదు కూడా. కొన్నాళ్ళకి ఆ పొంగు దానంతటదే దిగింది.

అసలు గండం భాద్రపదంలో వచ్చింది. చిక్కిపోయిన ఒళ్ళు ఒకసారి ఆకలి గుర్తు తెచ్చుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు. ఒక ఉదయం ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, తరవాణి కుండలో ఇంటిల్లిపాదికీ ఉంచిన చద్దన్నం అంతా ఒక్కతే తినేసింది. నేను వెళ్ళేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"ఊరివాళ్ళు అన్నదే నిజం. నేను తిండిపోతునే. ఇవాళా రేపూ లంఖణం చేస్తానండి" అంది. లంఖణం అంటే పూర్తిగా ఉపవాసం.

"చెయ్యడానికి వీల్లేదు. మధ్యాహ్నం వేళకి ఆకు ముందు కూర్చోవాలి."

"కడుపులో చోటు లేదండీ!"

"ఉన్నంతే తినండి. రెండు ముద్దలే తినండి. కానీ కూర్చోవాలి. తిన్నందుకు శిక్ష వేసుకుంటే రేపు మళ్ళీ కుండ దగ్గరికే వెళ్తారు. వేళకి అన్నం వస్తుందని మీ ఒంటికి నమ్మకం కలగాలి. ఎన్నో నెలలు మనం దాన్ని ఎండగట్టేం. దానికి భయం పోవద్దూ?"

ఆవిడ లేచి కూర్చుంది. మధ్యాహ్నం సత్తెమ్మ వడ్డిస్తే చారన్నం కొంచెం తిని లేచింది. ఆ తర్వాత ఒకటి రెండు సార్లు మళ్ళీ అలాగే జరిగింది. ప్రతిసారీ అదే చేయించాను. మెల్లగా కుండ జోలికి పోవడం మానేసింది. అప్పుడు నెయ్యి పెంచాను. రోజూ గట్టు దాకా, తర్వాత గట్టు దిగి రేవు దాకా నడిపించాను.

కార్తీకంలో కరణం గారు వచ్చారు. లంకకి వెళ్ళే పడవలో నేనూ ఎక్కాను. ఎందుకండీ మీరు అని ఒకరిద్దరు అడిగారు. బంగారమ్మ గారి పక్కన చోటు చేసుకుని కూర్చున్నాను.

పడవ ఆగగానే పేరయ్య గారు, "వదిన గారు ఇక్కడే కూర్చుంటారు, నేను తిరిగొస్తానండి" అన్నారు.

బంగారమ్మ గారు అప్పటికే ఒండ్రులోకి దిగింది. "నేనే వస్తున్నాను, పదండి."

పేరయ్య గారు ఆవిడని రెల్లుదుబ్బుల్లోంచి, బురదలోంచి తీసుకెళ్ళారు. కావాలనే తీసుకెళ్ళారని నేను ఇప్పటికీ అంటాను. ఆవిడ వెనకబడలేదు. కొంతసేపయ్యాక ఆగి, కొంగున కట్టుకున్న మూట విప్పింది. పెరుగన్నం. కరణం గారు, వెట్టివాళ్ళు, వాటాదార్లు అందరూ మగవాళ్ళే. వాళ్ళందరి ఎదురుగా మేట మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది.

"ఇక్కడ తింటారేంటి, వదిన గారూ! నలుగురూ చూస్తున్నారు" అన్నారు పేరయ్య గారు.

"ఆకలేసింది, చూడనీండి. తినకుండా నడవలేను, తిని వస్తాను, ఆగండి."

ఆగారు. ఒక ఆడమనిషి అన్నం తినేదాకా అంతమంది మగవాళ్ళు ఎండలో నిలబడడం నేను చూడడం అదే మొదటిసారి. ఆవిడ తొందరపడలేదు. చెయ్యి కడుక్కుని లేచి, నిరుడు పాతిన గూటం దగ్గరికి వెళ్ళి అక్కడ ఆగకుండా ముందుకు నడిచింది. రెల్లు చీల్చుకుంటూ వెళ్ళి నీటిపాయ ఒడ్డున నిలబడింది.

"పంపకాల్లో నా వాటా ఈ పాయ దాకా. ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు. నడిచి వచ్చేవాళ్ళు లేక మరిచిపోయేరు. గూటం ఇక్కడ పాతించండి, కరణం గారూ."

కరణం గారు పెద్దల మొహాలు చూశారు. ఎవరూ కాదనలేదు. పేరయ్య గారు నేల చూపులు చూశారు. గూటం అక్కడే పాతారు.

ఆ తర్వాత బంగారమ్మ గారి ఒళ్ళు ఒక తీరుకి వచ్చి నిలబడింది. ఆషాఢంలో ఉన్నంత సన్నగా కాదు, మునుపటంత లావూ కాదు. "మళ్ళీ కాస్త ఒళ్ళు చేసేరే!" అని ఎవరో అంటే, "ఆయ్, చేసేనండి. పొలం తిరిగే ఒళ్ళు ఇలాగే ఉంటుంది" అందట. సత్తెమ్మే నాకు చెప్పి పడీపడీ నవ్వింది.

పథ్యం పెట్టడం ఎవరైనా చేస్తారు. వద్దు అన్న మాట ఒకటి వస్తే చాలు. తిను అని చెప్పి, తింటున్న మనిషి భయాన్నీ ఆకలినీ నెలల తరబడి పక్కన కూర్చుని కాయడమే వైద్యం. ఇప్పుడు ఒళ్ళు తగ్గించమని ఎవరు వచ్చినా నేను ముందు అడిగేది, తగ్గాక ఎన్ని నెలలు నా మాట వింటారని. పథ్యం అయిపోగానే నా పని అయిపోయిందనుకునేవాళ్ళకి నేను మందివ్వను. కోపం వచ్చి వేరే వైద్యుల దగ్గరికి వెళ్ళిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు.

వెళ్ళనివ్వండి.