ముగ్గు కింద బ్రేక్ ఆయిల్

నాన్న నిర్లక్ష్యం వల్లే ఆ స్పోర్ట్స్ కారు నారాయణగూడలో గోడకు గుద్దుకుందని మావాళ్లు ఇప్పటికీ అంటారు. శుద్ధ అబద్ధం! ఎవరొచ్చినా వాదనకు నేను సిద్ధం. 2012లో అశోక్‌నగర్ మెకానిక్ నా బండికి బ్రేక్ ఆయిల్ మారుస్తుంటే, ఆ వాసనకు అసలు సంగతి గుర్తొచ్చింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాన్న ముచ్చటపడి కొన్న ఆ పాత రెండు సీట్ల కారు, మా చిక్కడపల్లి ఇంటి వాకిట్లో ముందు చక్రం దగ్గర నూనె చుక్కలు కార్చేది.

"ఇంకో చుక్క పడ్డదంటే గీ బండి అమ్ముడే!" అంది అమ్మ.

పొద్దున్నే ముగ్గు వేసే పని నాది. మరక కనబడకపోతే కారు మిగులుతుందనుకుని, వారం రోజులు దానిమీదే ముగ్గుపిండి దట్టంగా పోశాను. నాన్న మాత్రం చుక్కలు పడ్డాయేమోనని రోజూ ఆ నేల చూసుకునే బండి తీసేవాడు.

బ్రేకు పడక గుద్దుకున్నాక, బండిని వాకిట్లోకి తెప్పించి, నుదుటికి కట్టుతోనే కూర్చుని చక్రం విప్పి, బ్రేకు పట్టే కాలిపర్ కారుతుంటే దాని రబ్బరు సీళ్లు మార్చాడు. లేస్తూ చెయ్యి ఆనిస్తే ముగ్గు చెదిరి, కింద నూనె మరక బయటపడింది. నావంక చూశాడు.

"కారుతుంటే చూస్కోలేదా?" అని అమ్మ అరిచింది.

"చూస్కోలే, నాదే తప్పు. అమ్మేద్దాం తియ్."

అంత ఇష్టమైన కారు పోతున్నా, నాన్న నన్నొక్క మాట కూడా ఎందుకు అనలేదు?