కేబుల్ పెట్టింది ఆయనే

నేను ఆ రోజు అబద్ధం ఆడలేదు. ఇన్నేళ్లుగా నన్ను నేను సముదాయించుకుంటున్న మాట ఇదే. అలా సముదాయించుకున్నందుకు కూడా సిగ్గుగా ఉంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో విశాఖ పోర్టు దగ్గర ఒక సరుకు రవాణా ఆఫీసులో నెట్‌వర్క్ చూసేవాణ్ణి. గోదావరి జిల్లా నుంచి వచ్చి, నెట్‌వర్క్ పరీక్ష పాసై, సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి బల్ల మీద పెట్టుకున్న రోజులు. అక్కడ ఒకే తీగల మీద లారీల కాటాకి ఒక దారి, గేటుకి ఒకటి, ఆఫీసుకి ఒకటి విడదీసి ఉండేవి. ఒకదాని గొడవ ఇంకోదానికి తెలియదు. ఆ దారుల్నే వీలాన్లంటారు.

కేబుళ్లు లాగడానికి జాలరిపేట నుంచి ఒక కాంట్రాక్టు మనిషి వచ్చేవాడు. నాకన్నా ఇరవయ్యేళ్లు పెద్ద. అయినా నేను నువ్వనేవాణ్ణి, ఆయన మీరనేవాడు. వేట గిట్టుబాటు కాక ఈ పనిలోకి వచ్చాడు. గేటు పాసు ఉంటేనే పోర్టులోకి రానిస్తారు, ఆ పాసు మీదే ఆయన ఇల్లు నడిచేది.

కాటా దగ్గర ఇంకో స్విచ్చి, అంటే కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె, కావాల్సొచ్చింది. స్టోర్లో ఉన్న పాతది తెచ్చాను. పరీక్ష కోసం నెలల తరబడి నేను సాధన చేసింది దాని మీదే. అసలు నెట్‌వర్క్ పేరూ పాస్‌వర్డూ దానికీ పెట్టి, వీలాన్లు కట్టడం, చెరపడం, మళ్లీ కట్టడం. చివరికి అన్నీ చెరిపేసి అలాగే వదిలేశాను.

తీగ చేతిలో పట్టుకుని ఆయన ఆగాడు. ఇంకో పడవలో వాడిన వలని ఉతికి ఎండబెట్టందే తమ పడవలో ఎక్కించరని ఏదో చెప్పబోయి, చివరికి అసలు మాట అన్నాడు.

"ఈ పెట్టి వేరే సోట వాడింది కదా బాబూ. పాత సారైతే లోపలంతా తుడిసేసి, ఏదో నెంబరు సున్నా అయ్యిందని సూసుకున్నాకే తీగ ఎట్టనిచ్చేవోరు."

"చదువుకుంది నువ్వా, నేనా? తీగ పెట్టు," అన్నాను.

పెట్టాడు. నిమిషం తిరక్కుండా కాటా ఆగిపోయింది, తర్వాత గేటు, తర్వాత ఆఫీసు. వీలాన్లను మార్చిన ప్రతిసారీ స్విచ్చిలో ఒక నెంబరు పెరుగుతుంది. ఎక్కువ నెంబరు ఎవరిదైతే వాళ్ల మాటే మిగతావన్నీ నమ్ముతాయి. నా సాధన పుణ్యమా అని ఈ పాతదాని నెంబరే అన్నిటికన్నా పెద్దది. దాని ఖాళీ జాబితా చూసి మిగతా స్విచ్చిలు తమ దారులు తామే చెరిపేసుకున్నాయి. ఇదంతా పుస్తకంలో చదివాను, పరీక్షలో జవాబు కూడా రాశాను.

బయట లారీలు బారులు తీరాయి. ఏ దారికి ఏ నెంబరో గుర్తు రాలేదు. అప్పుడాయనే స్విచ్చిలుండే బీరువా తలుపు తెరిచి, లోపల అంటించి ఉన్న కాగితం చూపించాడు. నాకు ముందున్న ఇంజనీరు చేత్తో రాసిన పట్టిక. ఉప్పుగాలికి పాడవకుండా ఈయనే దానికి ప్లాస్టిక్ తొడిగాడట. అది చూసుకుంటూ అన్నీ మళ్లీ కట్టాను. మధ్యాహ్నానికి కాటా కదిలింది.

మేనేజరు వచ్చి ఏమైందని అడిగాడు. ఆయన నా పక్కనే నిలబడి ఉన్నాడు.

"కేబుల్ పెట్టింది ఆయనే సార్," అన్నాను.

అంతకు మించి ఒక్క మాట అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేకపోయింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు, నేను నా పిడికెడు కూడా ఆయన ఒళ్లోనే పోశాను. సాయంత్రానికి పాసు లాగేసుకున్నారు. ఆయన నా వైపు చూశాడు. నేను స్క్రూడ్రైవర్లు సర్దుకుంటున్నట్టు నటించాను.

తర్వాత కొత్త స్విచ్చి కలిపే పద్ధతి టైపు చేయించి, కింద నా పేరు వేసుకున్నాను. మొదటి వాక్యం: లోపలంతా తుడిచి, నెంబరు సున్నా అయిందని చూసుకున్నాకే తీగ పెట్టాలి. అందరూ మెచ్చుకున్నారు. పాత కాగితం చింపేసి దాని చోట ఇది అంటించాను.

కొన్నేళ్లకి జాలరిపేటలో చేపలు కొంటుంటే, ఒడ్డున వల బాగుచేస్తూ కనిపించాడు. తప్పించుకుందామనుకునేలోగా ఆయనే లేచి నిలబడ్డాడు. ఉద్యోగం బాగుందా అని అడిగాడు. మోకాళ్లు సహకరించక పడవెక్కడం లేదన్నాడు. ఆ రోజు సంగతి ఎత్తుతాడేమోనని చేపల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"ఆ కాయితం ఇంకా తలుపుకే ఉందా బాబూ? ప్లాస్టిక్కు మార్సమని సెప్పండి, పాతదైపోనాది," అన్నాడు.

"ఉంది," అన్నాను.

నేను అబద్ధమంటూ ఆడింది అప్పుడే.