బాణం గుర్తు కుర్రాడు

ఈ రోజు మధ్యాహ్నం పోస్టులో విజయనగరం పిన్ని ఒక ఫొటో పంపింది. ఏదో పెళ్ళిలో తీసిన గ్రూపు ఫొటో, అందులో పదకొండు మంది మగవాళ్ళు. దాని మీద బాల్‌పెన్నుతో ఒక బాణం, ఒక సున్నా గీసి ఉన్నాయి. పిల్లలెవరో పాడు చేశారనుకుని, దూదికి స్పిరిట్ అద్ది, మచ్చ కూడా మిగలకుండా తుడిచేశాను. మా రైల్వే ట్రాఫిక్ క్వార్టర్లలో నా అంత పనిమంతుడు లేడనుకున్నాను. ఆ తర్వాత ఉత్తరం విప్పాను.

"బాణం వేసినవాడు మన పాపకి చూసిన కుర్రాడు. సున్నా చుట్టినవాడు వాళ్ళన్న, పెళ్ళైపోయింది."

అమ్మ ఫొటోని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏటి సేసినావురా? ఇందులో పెళ్ళికొడుకెవుడో ఇప్పుడెలాగ తెలుస్తాది?"

ఆ పాప, అంటే మా చెల్లి, ఫొటో లాక్కుని అందరినీ తీరిగ్గా చూసి, రెండో వరుసలో ఒకతని మీద వేలు పెట్టింది. "ఈయనైతే నాకు ఠీక్ హై."

"అతను సున్నావాడైతేనో?" అన్నాను.

చెల్లి నా చేతికి పెన్ను ఇచ్చింది. "ఈయనకే బాణం ఏసి ఎనక్కి పంపీ అన్నయ్యా. ఆ తరవాత సంగతి పిన్ని సూసుకుంటాది."

వేశాను. ఇందాకే గోల్‌బజార్ వెళ్ళి పోస్టు డబ్బాలో పడేసి వచ్చాను. అతను పెళ్ళికానివాడే అయ్యుండాలని మీరూ ఒకసారి గట్టిగా అనుకోండి.