మూడు గేట్లు తెలిసినవాడు

హిందూపురంలో మా చిన్న కంపెనీ ఫ్యాక్టరీల కంప్రెసర్లకు సర్వీసు చేస్తుంది. ఉన్నది ఆరుగురు మనుషులు. పని నేర్పేది నేను, నేర్చాక తన్నుకుపోయేది ఫ్యాక్టరీలు. అందుకే మా దగ్గర మానేసినవాళ్ళను ఏడాదిదాకా పనిలో చేర్చుకోకూడదని ఫ్యాక్టరీలతో చేసుకునే అగ్రిమెంటులో రాయించాను. మేనేజర్లందరూ చదవకుండానే సంతకం పెట్టారు. చదివినా ఒకటే. నేను కోర్టుకెక్కితే, కేసు గెలిచినా ఆ ఫ్యాక్టరీ పని పోతుంది.

కాగితాన్ని నమ్మక ఇంకో ఉపాయం పన్నాను. మేనేజర్లతో చనువు పెరగకుండా ఎవర్నీ ఒకచోట రెండు నెలలకు మించి ఉంచలేదు. అందరికంటే పని బాగా వచ్చినవాణ్ణి హిందూపురం నుంచి పెనుకొండకు, అక్కణ్ణుంచి ధర్మవరానికి తిప్పుతూనే ఉన్నాను. పెద్ద తెలివైన పని చేస్తున్నాననుకున్నాను.

నిరుడు వాడు మానేస్తానన్నాడు. తను తిరిగిన మూడు ఫ్యాక్టరీలూ పిలిచాయట. పెనుకొండకు ఒప్పుకున్నాడట.

"నేను నేర్పిన పనప్పా అది," అన్నాను.

"అవునన్నా. మూడు గేట్లలోనూ నన్ను చూపించింది కూడా నువ్వే," అన్నాడు. మాటలో వెటకారం లేదు. అందుకే ఇంకా మండింది.

బీరువాలోంచి అగ్రిమెంటు తీసి చూసి, మళ్ళీ అక్కడే పెట్టేశాను. పోట్లాడే ఓపిక లేదు.

ఇప్పుడు ఆ పెనుకొండ ఫ్యాక్టరీలో మిషన్లన్నీ చూసుకునేది వాడే. మొన్న ఫోన్ చేశాడు.

"అన్నా, ఈడికి సర్వీసుకు వచ్చేటోణ్ణి మాటిమాటికీ మారుస్తాండావు. ఎప్పుడూ ఒకణ్ణే పంపన్నా."

సరేనన్నాను. ఎవర్ని పంపాలో కూడా వాడే చెప్పాడు. ఇప్పుడు నా దగ్గరున్నవాళ్ళలో పని బాగా వచ్చినవాడి పేరే అది.