తమ్ముడి పెట్టె

మా అక్కంత పిరికి మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఇంటికి తాళం వేసి వీధి మలుపుదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి తాళం లాగి చూస్తుంది. పొయ్యి కట్టేసిందో లేదో ఆఫీసు నుంచి బావకు ఫోన్ చేసి అడుగుతుంది. కట్టేసే ఉందని ఆయన చెబితే నమ్మదు, వంటింట్లోకి వెళ్లి చూసి చెప్పమంటుంది. బస్సులో తలుపు పక్కన చచ్చినా కూర్చోదు. చిన్నప్పుడు నేను మెట్ల మీద గెంతుతుంటే వెనక నుంచి నా చొక్కా పట్టుకుని నిలబడేది. ఆ పట్టు ఇంకా వదల్లేదని మా ఇంట్లో అందరూ నవ్వుతారు, అందరికంటే ఎక్కువ నేనే నవ్వేవాణ్ణి.

ఆ భయమే ఆమెకు కంట్రోల్ రూము ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఊరికి మంచినీళ్లు శుభ్రం చేసి పంపే కేంద్రంలో మేమిద్దరం పనిచేస్తాం. నేను క్లోరిన్ గదిలో మెకానిక్కుని. ఆమె మొదట్లో నీటి బిల్లుల కౌంటరులో కూర్చునేది. కంట్రోల్ రూములో మనిషి కావలసి వచ్చినప్పుడు, అప్పటి పెద్దసారు ఏరికోరి ఆమెను తీసుకున్నాడు. "ధైర్యవంతులు నాకొద్దమ్మా. స్క్రీను మీద ఏదైనా ఎర్రబడితే గుండె గుభేలుమనే మనిషి కావాలి" అన్నాడట. ఆ లెక్కన మా అక్కను మించిన అర్హత ఎవరికీ లేదు.

కంట్రోల్ రూమంటే ఏదేదో ఊహించుకోకండి. ఒక బల్ల, గిర్రున తిరిగే కుర్చీ, బల్ల మీద వరసగా నాలుగు స్క్రీన్లు, ఒక ఫోను. ట్యాంకుల్లో నీటిమట్టం ఒక ప్యానెల్లో కనిపిస్తుంది, మోటార్లు ఒకదాంట్లో, ఫిల్టరు తొట్ల వాల్వులు ఒకదాంట్లో, క్లోరిన్ గది ఇంకోదాంట్లో. ఏ ప్యానెల్ ఏ స్క్రీను మీద ఉండాలన్నది డ్యూటీలో ఉన్నవాళ్ల ఇష్టం. మౌసుతో పైఅంచు పట్టుకుని లాగితే పక్క స్క్రీను మీదికి జరుగుతుంది, దారిలో వదిలేస్తే సగం ఇటు సగం అటు తెగి నిలబడుతుంది. డ్యూటీ ఎక్కగానే ఎవరైనా చేసే మొదటి పని ఈ సర్దుడే. మన వంటింట్లో ఇంకెవరో దూరి డబ్బాలన్నీ మార్చేసి పోయినట్టు, ముందువాళ్లను తిట్టుకుంటూ సర్దుకుంటారు.

అక్క క్లోరిన్ ప్యానెల్‌ను సరిగ్గా ముఖానికి ఎదురుగా, అన్నిటికంటే పెద్దదిగా పెట్టుకునేది. దానికి "తమ్ముడి పెట్టె" అని పేరు పెట్టినవాడు ఆమె తర్వాత డ్యూటీ ఎక్కే ఆపరేటరు. అతన్ని మేమంతా సణుగుడు అంటాం, అలా పిలిస్తే అతను కూడా పలుకుతాడు. "వచ్చాడమ్మా తమ్ముడు, నడినెత్తిన కూర్చున్నాడు" అని గొణుక్కుంటూ రోజూ దాన్ని ఒక మూలకు నెట్టేవాడు.

ఆ పెట్టెలో ఉండేది ఒక అంకె. నా గదిలో గాలిలో ఎంత క్లోరిన్ ఉందో చెప్పే అంకె. సిలిండర్ మార్చేటప్పుడు కొద్దిగా గ్యాస్ బయటికి రావడం మామూలే, అంకె కాస్త పైకి లేచి దిగుతుంది. దిగకుండా పైకే పోతే మాత్రం లోపలున్నవాడికి ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఉండదు. ఒకప్పుడు సైరన్ దానంతటదే మోగేది. సిలిండర్ విప్పిన ప్రతిసారీ మోగుతుంటే జనం విసిగిపోయి దాన్ని తీసేయించారు. ఇప్పుడు సైరన్ మోగించే బొత్తాం ఆపరేటరు చేతి కింద ఉంది. అంటే సిలిండర్ మార్చే రోజున నా ప్రాణం ఆ అంకెను చూసే కళ్లలో ఉంటుంది. ఆ కళ్లు మా అక్కవి కాబట్టి నేను లోపల ఈలవేసుకుంటూ పనిచేసేవాణ్ణి.

ఆ కళ్లే పాడయ్యాయి. దీన్ని ఆమె మా ఎవరికీ చెప్పలేదు, నాకు తర్వాత తెలిసింది. మీకు ముందే చెప్పేస్తున్నాను, దాచిపెట్టి కథ చెప్పడం నాకు చేతకాదు. మొదట గుమ్మాలకు ఎడమ భుజం తగలడం మొదలైంది. ఎడమ పక్కనుంచి వచ్చే సైకిళ్లు ఉన్నట్టుండి ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు కనిపించేవట. బావకు బజారు పని అని చెప్పి ఒక్కతే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లింది. కంటి నరం దెబ్బతింటోందని, ఎడమ వైపు చూపు పక్కనుంచి తరిగిపోతూ వస్తోందని, పోయింది తిరిగి రాదని, ఉన్నది నిలవాలంటే చుక్కలు మానొద్దని డాక్టరమ్మ చెప్పింది. మందు సీసాను అక్క హ్యాండ్‌బ్యాగులో దువ్వెన కింద పెట్టుకుంది.

ఆ తర్వాత స్క్రీన్ల మీద ప్యానెళ్లు మెల్లగా కుడివైపుకు వలసపోయాయి. మొదట ఎడమ చివరి స్క్రీను మీద గడియారం, వాతావరణం తప్ప ఏమీ లేకుండా పోయాయి. తర్వాత దాని పక్కది కూడా సగం ఖాళీ అయింది. అన్నీ ఇరుక్కుని ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. "ఇంత బల్ల పెట్టుకుని ఈ మూల కాపురమేంటక్కా" అని సణుగుడు గోల పెట్టేవాడు. "నాకు అలా అలవాటైంది నాయనా, నువ్వు మార్చుకో" అనేది. మనిషికి చాదస్తం ఎక్కువైందనుకున్నాం. ఆమె భయాలను మేం ఎన్నడూ లెక్కపెట్టింది లేదు, దీన్నీ వాటిలో కలిపేశాం.

అంతలో కొత్త సారు వచ్చాడు. మంచివాడే. ఒక సాయంత్రం సణుగుడు అలవాటు కొద్దీ ట్యాంకు ప్యానెల్ ఉండే చోట చూసి, అక్కడున్న మోటారు అంకెను నీటిమట్టం అనుకుని కంగారుపడటం ఆయన కళ్లారా చూశాడు. మర్నాడు అందర్నీ పిలిచి, ఇకమీదట అందరి స్క్రీన్లూ ఒకేలా ఉండాలని, కేంద్రంలో ఏ కట్టడం ఎటుంటే దాని ప్యానెల్ అటే ఉండాలని, ఎవరూ కదపడానికి వీల్లేకుండా బిగించేస్తున్నానని చెప్పాడు. సబబైన మాటే, నేనైనా అలాగే చేసేవాణ్ణి. ఆ ప్రకారం ఫిల్టరు తొట్లు కుడి చివరికి వెళ్లాయి. తమ్ముడి పెట్టె ఎడమ చివర, పై మూలకు వెళ్లింది.

"మీకేమైనా ఇబ్బందా అమ్మా?" అని సారు ప్రత్యేకంగా అడిగాడు.

"ఏం లేదు సార్" అంది అక్క.

ఎందుకలా అన్నావని తర్వాత అడిగాను. చెబితే కుర్చీలోంచి లేపేస్తారని తెలుసు, కౌంటరుకు పంపేస్తారు, అదేం పెద్ద నష్టం కాదు. ఆమె భయం వేరే. "నా చోట ఇంకెవరు కూర్చున్నా నువ్వు వాళ్లకి ఒక అంకెవిరా. పైకి లేస్తే, చూద్దాం, దిగుతుందేమో అనుకుంటారు. నేనైతే అనుకోను కదా" అంది. లేచిపోదామంటే భయం, కూర్చుందామంటే భయం. రాత్రుళ్లు కళ్లు మూసుకుంటే ఎడమవైపు నల్లగా ఒక గోడ, దాని అవతల ఎవరో దగ్గుతున్నట్టు వినపడేదట.

ప్యానెళ్లు బిగించారు గానీ కుర్చీని బిగించలేదు. అక్క కుర్చీని ఎడమ పక్కకు తిప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకసారి ఏదో పనిమీద పైకి వెళితే, మిగతా మూడు స్క్రీన్లకూ భుజం చూపించి, మెడ చాచి, ఎడమ చివర పెట్టెనే చూస్తూ కనిపించింది.

"ఏంటక్కా, వాటి మీద అలిగావా?" అన్నాను.

"మెడ పట్టేసిందిరా."

"మరి అటువైపు ఎవరు చూస్తారు, బావ వచ్చి చూస్తాడా?"

"చూస్తున్నాలే, నువ్వెళ్లు. మాస్కు సరిగ్గా బిగించుకో."

నవ్వుకుంటూ దిగిపోయాను.

ఆ తర్వాత ఒక రోజు పొద్దున ఇసుక చదును చేయడానికి ఫిల్టరు తొట్టిలో బాబాయి దిగాడు. బాబాయంటే మా సొంత బాబాయి కాదు, ఫిల్టర్ల మేస్త్రి, అందరికీ బాబాయే. ఫిల్టరు తొట్టంటే ఒక పెద్ద హాలంత సిమెంటు గుంత, అడుగున నడుంలోతు ఇసుక. ఆ ఇసుకను కడగడానికి కింది నుంచి నీళ్లు ఎగదోస్తారు. మనిషి లోపలుండగా ఆ నీళ్లు వదిలే వాల్వుకు తాళం వేయాలి. మధ్యాహ్నానికల్లా అయిపోయే పనే కదా అని ఎవరూ వేయలేదు. అదే వేళకు నేను సిలిండర్ మారుస్తున్నాను.

వాషరు సరిగ్గా కూర్చోలేదు. ఎప్పుడూ లేనంత గ్యాస్ బుసకొట్టింది. మాస్కు ఉన్నా గొంతులో మంట తగిలింది, చెమటకు చెయ్యి జారింది. పైన అక్క ముందు అంకె లేస్తోంది. ఆమె బొత్తాం మీద వేలు పెట్టి, రెప్ప వేయకుండా, ఆ మూలనే చూస్తూ ఉండిపోయింది. నేను మర బిగించాను. అంకె ఆగింది, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. అది పూర్తిగా దిగేదాకా ఆమె తల తిప్పలేదు.

ఆ కాసేపట్లోనే కుడి చివరి స్క్రీను మీద కడిగే వాల్వు దానంతటదే తెరుచుకుంది. ఆ ప్యానెల్ ఎర్రబడింది. ప్రతి చిన్నదానికీ కూతపెడుతున్నాయని ఆ గదిలో శబ్దాలన్నీ ఎప్పుడో ఆపేశారు. ఎర్రరంగు ఒక్కటే, అది చూసేవాళ్లు లేక అలాగే వెలుగుతోంది.

నేను మాస్కు తీసి బయటికొచ్చేసరికి కేకలు వినిపించాయి. పరుగెత్తాను. కింది నుంచి నీళ్లు ఎగదన్నేసరికి ఇసుక ఇసుకలా లేదు, అంబలిలా ఉడుకుతోంది. బాబాయి నడుందాకా దిగబడిపోయాడు. నీళ్లు ఛాతీదాకా వచ్చాయి. ఆయన అరవడం లేదు, రెండు చేతులూ పైకెత్తి మావైపు చూస్తున్నాడు, అంతే.  గట్టు మీదున్నవాడు పరుగెత్తి మోటారు చేత్తో ఆపాడు. తాడు వేసి నలుగురం లాగాం. నీళ్లు ఆగేసరికి ఇసుక మళ్లీ గట్టిపడి ఆయన కాలిని పట్టేసింది, తుంటి దగ్గర ఏదో విరిగిన చప్పుడు మా అందరికీ వినిపించింది. మనిషి మాత్రం దక్కాడు.

ఆసుపత్రి వరండాలో పిన్ని, అంటే బాబాయి భార్య, గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. అక్క వెళ్లి పక్కన కూర్చుంది. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. వాల్వుకు తాళం వేయనిది మేస్త్రీలు, పాడైంది వాల్వు, అటు సరిగ్గా అప్పుడే క్లోరిన్ లీకు. ఏ మనిషైనా అటే చూస్తాడని సారు కూడా అన్నాడు. ఒక మందలింపుతో సరిపెట్టేలా ఉన్నాడు. పిన్ని మాత్రం కాసేపటికి, కోపమేమీ లేకుండా, మామూలుగా అడిగింది.

"నువ్వే ఉన్నావట కదమ్మా అక్కడ. ఎటు చూస్తున్నావు?"

"మా తమ్ముడి వైపు పిన్నీ."

పిన్ని తలూపింది. తప్పేముంది అన్నట్టే ఊపింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "మరి ఆయన వైపు ఎవరు చూస్తున్నారు?" అంది. నిజంగా ఎవరో ఒకరు చూస్తూ ఉంటారనుకునే అడిగింది.

 నేను అక్కడే నిలబడి ఉన్నాను. 

మర్నాడు అక్క డ్యూటీకి వెళ్లింది గానీ కుర్చీలో కూర్చోలేదు. సారు గదిలో నిలబడి, నన్ను కూడా పిలిపించింది. "నాకు ఎడమ వైపు చూపు లేదు సార్. చాలా రోజులైంది. కనపడదన్న భయంతోనే రోజంతా అటే చూస్తూ కూర్చున్నాను. కనపడేవైపు మనిషిని పోగొట్టబోయాను" అని చెప్పింది. మధ్యలో ఆగకుండా చివరిదాకా చెప్పింది.  అక్క బ్యాగులోంచి మందు సీసా తీసి బల్ల మీద పెట్టింది, ఆయన నమ్మడేమోనని. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంతకాలం నాకు చెప్పనందుకు కోపం. ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. దాని కింద భయం ఉంది. కంట్రోల్ రూములో ఆమె లేకపోతే నేను క్లోరిన్ గదిలోకి ఎలా వెళ్లాలి?

ఇప్పుడామె కౌంటరులో ఉంది. ఆమె చోట సణుగుడు కూర్చుంటున్నాడు. కొన్నాళ్లకు మళ్లీ సిలిండర్ మార్చాల్సి వచ్చింది. మాస్కు బిగించుకుని తలుపు దగ్గరికి వెళ్లాను. చెయ్యి గడియ మీద పెట్టాను గానీ తీయలేకపోయాను. ఇన్నేళ్లలో ఎన్నడూ చేయని పని చేశాను, పైకి ఫోన్ కొట్టాను.

"లోపలికెళ్తున్నా. చూస్తున్నావా?"

"నీ పెట్టెనే చూస్తున్నాను నాయనా. కళ్లు తిప్పనులే. మీ అక్క కౌంటరు నుంచి పొద్దున్నే ఫోన్ చేసి ఒట్టు వేయించుకుంది" అన్నాడు సణుగుడు.

ఆ మాటకు నాకు ధైర్యం రావాలి. రాలేదు. 

"ఫిల్టర్లలో ఎవరైనా దిగారా?" అని అడిగాను.

"ఇద్దరు దిగారు. కొత్తవాళ్లు."

"వాళ్లు పైకొచ్చాక నాకు చెప్పు" అని ఫోను పెట్టేసి, మాస్కు విప్పి, తలుపు పక్కన మెట్టు మీద కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను.